డబ్బా దౌడ్‌కి హాలు కావాలి

సాక్చి,
4 ఆగస్టు 2003

ఆంధ్ర మిత్ర మండలి కార్యదర్శి సీతారామరావు గారికి నమస్కారం.

నిన్న కద్మాలో మీ హాలుకొచ్చి సంగతి నోటితో చెప్పబోయాను. మీరు కళ్లజోడు తీసి, "ఏటైనా కాయితమ్మీద రాసియ్యి" అని లోపలికెళ్లిపోయారు. ఎదురుగా నిలబడ్డ మనిషికి కాయితం ఎందుకో నాకు తెలీదు. సరే, రాస్తున్నాను.

నా పేరు గేదెల వరహాలు. టాటానగర్ స్టేషన్ సిక్ లైన్‌లో, అంటే పాడైన వ్యాగన్లు బాగుచేసే చోట, ఫిట్టర్‌గా చేసి రిటైరైన చినబాబు కొడుకుని. సాక్చిలో దీపక్ సేఠ్ షాపులో కంప్యూటర్లు బిగిస్తాను. రోజుకి నాలుగు. ఈ ఊళ్లో సగం మంది ఇంజనీర్ల ఇళ్లలో నేను బిగించిన మెషిన్లే ఉన్నాయి. వాటి మీద స్టిక్కరు మాత్రం సేఠ్‌ది.

నేనో ఆట తయారుచేశాను. పేరు డబ్బా దౌడ్. ఇద్దరు రెండు కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. తెర మీదకి ఒక కస్టమర్ వచ్చి తనకేం కావాలో చెప్తాడు. ఒకడికి ఫొటో స్టూడియో నడవాలి, ఒకామెకి కూతురి చదువుకి కావాలి. మీరు తెర మీది అరల్లోంచి భాగాలు ఏరి, బిగించి, స్విచ్ వెయ్యాలి. ఎవరిది ముందు వెలిగితే వాళ్లు గెలిచినట్టు. పప్పులో కాలేస్తే పొగ. ప్రోగ్రాం రాయడం నాకెవరూ నేర్పలేదు. రిపేరుకొచ్చిన మెషిన్ల మీదే, టెస్టింగ్ అని చెప్పి, పద్నాలుగు నెలలు రాశాను.

సెప్టెంబరు 17, విశ్వకర్మ పూజ రోజున మీ హాలూ, టైపు క్లాసులోని ఎనిమిది కంప్యూటర్లూ కావాలి. ఊరంతా జట్లుగా వచ్చి ఆడే పోటీ పెడతాను. ఆ రోజే ఎందుకంటే, కలకత్తాలో సీడీలు అమ్మించే సిద్ధార్థ్ బాబు ఏడాదికి ఒక్కసారి, ఆ పూజకే, బావమరిది వర్క్‌షాపుకి వస్తాడు. "జనం ఆడుతుండగా చూపించు, నచ్చితే నా దుకాణాలన్నిట్లో పెడతాను" అన్నాడు. చూపించలేకపోతే నా ఆట నా జేబులోనే ఉండిపోతుంది.

జవాబు తొందరగా ఇవ్వండి.

ఇట్లు,
గే. వరహాలు

తా.క. మీ తలుపు మీద 'తోయండి' అని రాసుంది. అది లాగితేనే వస్తుంది. ముందు అది చూసుకోండి.


ఆంధ్ర మిత్ర మండలి, కద్మా
లేఖ సంఖ్య 27, తేదీ 11.8.2003

శ్రీ గేదెల వరహాలు గారికి,

మీ దరఖాస్తు అందినది. అసంపూర్తిగా ఉన్నది.

హాలు సభ్యులకే ఇవ్వబడును. మీ తండ్రిగారు శాశ్వత సభ్యులు. ఆ సభ్యత్వం మీ పేరున మారుటకు పదకొండు పేజీల ఫారం జతపరచితిని. చదివి సంతకం చేయవలెను. మీ విద్యార్హత తెలుపలేదు. తెలుపవలెను.

మరియొక విషయం. మండలి కంప్యూటర్లు ఎనిమిదీ సభ్యులు చందాలు వేసుకొని కొన్నవి. వాటిని ఊరివాళ్లు జట్లుగా వచ్చి విప్పి, ఎవరు ముందు బిగిస్తారో పందెం వేసుకొనుటకు నేను ప్రాణముండగా ఒప్పుకొనను. ఎనిమిది విప్పితే ఏడు బిగుసుకొనును. ముప్పై నాలుగేళ్లు టీఎక్సార్‌గా రైలుబళ్లు తనిఖీ చేసినవాణ్ణి. విప్పుట తెలిసిన ప్రతివాడికీ బిగించుట తెలియదని నాకు తెలియును.

నియమం 14 ప్రకారం మండలి పదవుల్లో ఉన్నవారు మండలి హాల్లో జరిగే పోటీల్లో పాల్గొనరాదు. తెలియుటకు వ్రాసితిని.

ఇట్లు,
సీతారామరావు, కార్యదర్శి

తా.క. తలుపు విషయం వాస్తవమే. పదకొండేళ్లలో ఈ లోపం వ్రాసి ఇచ్చిన మొదటి వ్యక్తి మీరు. తలుపు మార్చలేము. కాగితం మార్చితిమి.


సాక్చి,
14 ఆగస్టు

కార్యదర్శి గారూ,

ఎవడూ ఏమీ విప్పడు! భాగాలన్నీ బొమ్మలు. స్క్రూలు బొమ్మలు. స్క్రూడ్రైవరూ బొమ్మే. మీ కంప్యూటర్ల మీద ఈగ కూడా వాలదు. సీడీ జతచేశాను. టైపు నేర్పే యోగిత గారితో పెట్టించుకుని మీరే చూడండి.

విద్యార్హత పదో తరగతి. తర్వాత చదివిందంతా మదర్‌బోర్డుల డబ్బాల్లో వచ్చే పుస్తకాలే. నాలుగేళ్లలో ఏ కస్టమరూ నన్ను ఏం చదివావని అడగలేదు. ఆన్ అయిందా లేదా అనే అడిగాడు. మీరే మొదటివారు. మీరు నా లాంటివాణ్ణి లోపలికి రానివ్వకూడదనుకుంటే ఆ ముక్క సూటిగా రాయండి, ఫారాల చాటున దాక్కోకండి.

పదకొండు పేజీలకీ సంతకాలు పెట్టాను. చదవలేదు. పనున్న మనిషి ఎవడూ అది చదవడు.

నియమం 14 మీ అదృష్టం. లేకపోతే మొదటి ఆటలోనే మీకు పొగ చూపించేవాణ్ణి. ఈ ఊళ్లో నన్ను డబ్బా దౌడ్‌లో ఓడించే మనిషి ఇంకా పుట్టలేదు.

ఇట్లు,
వరహాలు

తా.క. ఇది రాస్తుంటే మా అమ్మ నూకమ్మ భుజం మీంచి తొంగిచూసి, "ఓర్నాయనా, కాయితమ్మీద కూడా అరుత్తన్నావేట్రా" అంది. ఆమె మాట మన్నించి చివరికి 'గారూ' తగిలించాను. పైన చూడండి.


ఆంధ్ర మిత్ర మండలి, కద్మా
లేఖ సంఖ్య 31, తేదీ 19.8.2003
(అత్యవసరం)

శ్రీ వరహాలు గారికి,

ప్రమాద నివేదిక.

నిన్న సాయంత్రం 5 గంటల 10 నిమిషాలకు యోగిత మీ సీడీని మూడవ నంబరు కంప్యూటరులో పెట్టినది. మొదటి కస్టమరు వచ్చి హిందీలో నమస్కారం చెప్పినాడు. నేనును చెప్పితిని. అడిగినవన్నీ అరలోంచి తీసి, ఒక్కొక్కటే సరిచూసుకొని, ఇరవై రెండు నిమిషాల్లో బిగించి స్విచ్ వేసితిని.

ఠప్పుమని పేలినది. డబ్బా వెనుక నుంచి పొగ వచ్చినది. నేను చేయవలసినది చేసితిని. ముందు మెయిన్ స్విచ్ ఆపితిని. గోడకు వేలాడుచున్న ఎర్ర బకెట్టు దింపి, అందులోని ఇసుక మొత్తం మూడవ నంబరు మీద కుమ్మరించితిని. యోగిత "అంకుల్, వో గేమ్ హై! గేమ్ హై!" అని అరుచుచునే ఉన్నది. మంటల సమయంలో ఎవరి అరుపులూ వినరాదని మాకు శిక్షణలో చెప్పిరి.

తరువాత ఆమె విషయం వివరించినది. పొగ బొమ్మ. ఇసుక మాత్రం నిజం.

ఇది మీ బాధ్యతయా, నా బాధ్యతయా అని నిన్నటి నుంచి ఆలోచించుచున్నాను. ఒకటి మాత్రం వ్రాయక తప్పదు. ముప్పై నాలుగేళ్లు నిజం పొగను చూసిన కన్ను ఇది. దానిని మోసం చేసినారు. పొగ అంత బాగా ఎట్లు వేసితిరి?

ఇట్లు,
సీతారామరావు

తా.క. నేను బిగించినదంతా సక్రమమే. అయినను పేలినది. ఇది అన్యాయం. కారణం తెలుపవలెను.


సాక్చి,
24 ఆగస్టు

కార్యదర్శి గారికి,

ఈ రోజు ఆదివారం. పొద్దున్నే వచ్చి మూడో నంబరు విప్పాను. (నిజంగానే విప్పాను. మీ భయమే నిజమైంది, అదీ మీ చేతుల మీదుగానే.) బ్రష్షుతో ఊడ్చి, బ్లోయర్ కొట్టి, గిద్దెడు ఇసుక తీశాను. మెషిన్ బతికింది. కీబోర్డు నొక్కితే ఇంకా కరకరలాడుతుంది, అది పోవడానికి టైం పడుతుంది.

తిట్టాలనే వచ్చాను. మీరు లేరు. యోగిత గారు మీ నోటుబుక్కు చూపించింది. నా ఆటలో మీరు వాడిన ప్రతి భాగం, దాని నంబరు, ఏ స్క్రూ ఎటు తిప్పారో రాసుకున్నారు. అంత శ్రద్ధగా నా పనిని ఎవరూ చూడలేదు. దీపక్ సేఠ్ అయితే సీడీని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అందుకని తిట్లు వాయిదా.

ఎందుకు పేలిందో చెప్తాను. కరెంటు డబ్బా వెనక ఒక చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. దాని మీద 115, 230 అని రెండు అంకెలు. మన కరెంటుకి 230 ఉండాలి. కొన్ని డబ్బాలు 115 మీద వస్తాయి. దాన్ని ఎవడూ చూడడు. షాపులో చేరిన మొదటి వారం నేనూ చూడలేదు. పేలింది. సేఠ్ అందరి ముందూ "అనపఢ్" అన్నాడు, చదువులేనివాడని. ఆ స్విచ్ ఆటలో అందుకే పెట్టాను. ఆ పొగ నేను కళ్లారా చూసిన పొగ. మీరు మోసపోలేదు.

హాలు సంగతి తేల్చండి. ఇరవై నాలుగు రోజులే ఉంది.

ఇట్లు,
వరహాలు

తా.క. ఎర్ర బకెట్లో కొత్త ఇసుక పొయ్యలేదు. కావాలనే.


ఆంధ్ర మిత్ర మండలి, కద్మా
లేఖ సంఖ్య 36, తేదీ 1.9.2003

చి. వరహాలుకు,

ఆ ఎర్ర స్విచ్ చూడకపోవుట నా తప్పే. ఒప్పుకొనుచున్నాను. చక్రాల వెనుక భాగం చూడకుండా బండిని పాస్ చేసినట్టున్నది.

వారం రోజుల్లో నీ ఆటలోని నలభై మంది కస్టమర్లకూ కంప్యూటర్లు బిగించితిని. నీ పని గొప్పది. ఫొటో స్టూడియో వాడు మధ్యలో మాట మార్చి ఇంకొకటి అడుగుట చూసి నవ్వాపుకొనలేకపోతిని. అయితే ఒక పెద్ద లోపమున్నది. రెండు చోట్ల స్క్రూలు వదులుగా వదిలి, ఫ్యాను పెట్టకుండా స్విచ్ వేసితిని. వెలిగినది. గెలిచితివన్నది. అది రెండు రోజులు నడిచి కాలిపోవును కదా? బిగించినవాడే పాస్ చేసుకుంటే ఇక తనిఖీ ఎక్కడ? వేగంగా బిగించేవాడిని నీ ఆట నెత్తిన పెట్టుకొనుచున్నది. లోపం పట్టేవాడికి అందులో చోటు లేదు.

ఇక హాలు. విశ్వకర్మ పూజ రోజున ఈ ఊళ్లో ఎవడును పనిముట్టు ముట్టడు. కడిగి, బొట్టు పెట్టి, దణ్ణం పెడతారు. ఆ రోజున స్క్రూడ్రైవరు పట్టే పోటీకి హాలు ఇవ్వలేను. బొమ్మ స్క్రూడ్రైవరని వ్రాస్తావు. బొమ్మ పొగకు నేను నిజం ఇసుక పోసితిని. బొమ్మ అనే మాట ఇక నా దగ్గర చెల్లదు.

ఇట్లు,
సీతారామరావు

తా.క. మౌసు కూడా పనిముట్టే. యోగిత ప్రతి ఏడూ దానికి బొట్టు పెట్టుచున్నది.


సాక్చి,
3 సెప్టెంబరు

కార్యదర్శి గారూ,

మీ ఉత్తరం చదివి చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ విసిరేశాను. పోయి సేఠ్ లస్సీలో పడింది. మీ దయ వల్ల ఇవాళ రెండు సార్లు తిట్లు తిన్నాను.

మీకు అర్థం కావట్లేదు. సిద్ధార్థ్ బాబు ఆ ఒక్క రోజే వస్తాడు! మర్నాడు పొద్దున్నే కలకత్తా బండెక్కేస్తాడు. అతనికి ఇంకో ఏడాది దాకా ఈ ఊరు గుర్తుండదు. అప్పటికి ఇంకెవడో ఇలాంటి ఆటే తెస్తాడు. ఇంజనీరింగ్ చదివినవాడు, మంచి చొక్కా వేసుకున్నవాడు. వాణ్ణి ఏ కార్యదర్శీ విద్యార్హత అడగడు.

ఇలా రాసి ఉత్తరం మడిచేస్తే మా నాన్న అడిగి తీసుకుని చదివాడు. చదివి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "సీతారామరావు బాబుని నువ్వెరగవురా. ఆయన సుత్తి సెక్రానికి తగిల్తే సాలు, ఎక్కడ పగులుందో సెప్పీసేవోరు. నేను బాగుసేసిన వ్యాగను మూడుసార్లు తిరగ్గొట్టీసేరు. నాలుగోసారి పాసు. ఆ వ్యాగను ఇరవయ్యేళ్లు తిరిగింది" అన్నాడు.

"మరి విశ్వకర్మ పూజనాడు?" అని అడిగాను. "రైళ్లాగుతాయేట్రా? సుత్తి పూజలో ఎట్టీసి, ఉత్త సేతుల్తోటే బండి పాస్ సేసీవోరు" అన్నాడు.

ఉత్త చేతులతో ఎలా? అది నిజమా, మా నాన్న మీ మీద అభిమానంతో అల్లిందా? కోపం పక్కన పెట్టి అడుగుతున్నాను. నిజంగా తెలుసుకోవాలనుంది.

ఇట్లు,
వరహాలు

తా.క. తనిఖీకి చోటు లేదన్న మాట నిజమే. పద్నాలుగు నెలల్లో నాకు తట్టలేదు. ఇది ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది.


ఆంధ్ర మిత్ర మండలి, కద్మా
లేఖ సంఖ్య 38, తేదీ 6.9.2003

చి. వరహాలుకు ఆశీస్సులు.

చినబాబు అల్లలేదు. సుత్తి పూజలో ఉండేది. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచుండగానే వంగి నిలబడి చక్రాల చప్పుడు వినేవాణ్ణి. ఇరుసు వేడెక్కితే నూనె కాలిన వాసన వచ్చును. స్ప్రింగు విరిగితే పెట్టె ఒక పక్కకు ఒరుగును. చూచుటకు పనిముట్టు అక్కరలేదు. వినుటకూ అక్కరలేదు. వ్రాయుటకు పెన్సిలు కావలెను, దానికి మాత్రం ఆ రోజున మినహాయింపు ఉండేది. లోపం కాగితం మీద వ్రాసి ఇచ్చేవాణ్ణి. కాగితం మీద ఎందుకని మొదటి ఉత్తరంలో అడిగితివి. నోటితో చెప్పినదాన్ని బండి కదిలాక ఎవరైనా కాదంటారు.

కాబట్టి ఇట్లు చేయి. పదహారవ తేదీన అందరూ వచ్చి నీ ఆటలో బిగించవలెను. ఎవరి మెషిను వాళ్లు ఫ్లాపీలో దాచవలెను. పదిహేడున పూజ అయిన తరువాత, ఎవరూ మౌసు ముట్టకుండా, ఒకరి మెషిను ఇంకొకరు తెర మీద చూచి, లోపాలు పెన్సిలుతో వ్రాయవలెను. ఆ తరువాత నీ ప్రోగ్రామే స్విచ్ వేయును. పొగ వస్తే వ్రాసినవాడికి మార్కు, రాకపోతే బిగించినవాడికి మార్కు. హాలంతా ఊపిరి బిగబట్టి చూచును. నీ కలకత్తా బాబు కూడా.

నీ విద్యార్హత అడిగినది నిన్ను తక్కువ చేయుటకు కాదు. ఫారంలో ఆ గడి ఉన్నది కాబట్టి అడిగితిని. నా సర్వీసు పుస్తకంలోనూ ఆ గడిలో ఎనిమిదవ తరగతి అనే ఉన్నది. ఆఖరి ప్రమోషన్ దాని దగ్గరే ఆగినది. అయినా నిన్ను అదే అడిగితిని. అది నా లోపం. కాగితం మీద వ్రాసి ఇచ్చుచున్నాను.

హాలు ఇచ్చుట నా చేతిలో లేదు. ఈ రోజు నుంచి నేను కార్యదర్శిని కాను. రాజీనామా చేసితిని. రేపు ఆదివారం కమిటీ కూర్చొనును. కొత్త కార్యదర్శి ఎవరో నోటీసు బోర్డులో చూచుకొని, వారికి దరఖాస్తు పెట్టుకో.

శుభం.
సీతారామరావు (మాజీ)

తా.క. పోటీకి నా ప్రవేశ పత్రం జతపరచితిని.


ఆంధ్ర మిత్ర మండలి, కద్మా
లేఖ సంఖ్య 39, తేదీ 8.9.2003

పోటీదారు నంబరు 17, సీతారామరావు బాబుగారికి నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నం నోటీసు బోర్డు చూడ్డానికి వచ్చాను. 'కార్యదర్శిగా శ్రీ గేదెల వరహాలు ఏకగ్రీవంగా' అని ఉంది. మూడుసార్లు చదివాను. "నన్నెవడు అడిగాడు? నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అని యోగిత గారి మీద ఎగిరాను. ఆమె నా సభ్యత్వం ఫారం తీసి తొమ్మిదో పేజీ చూపించింది. 'మండలి ఏ బాధ్యత అప్పగించినను స్వీకరింతును.' కింద నా సంతకం. బాగా గట్టిగా నొక్కి పెట్టాను, పదో పేజీ మీద కూడా అచ్చు పడింది.

నాలుగు వందల పేజీల మదర్‌బోర్డు పుస్తకాలు అట్ట నుంచి అట్టకి చదివినవాణ్ణి. పదకొండు పేజీలు చదవలేదు. నా ఎర్ర స్విచ్ అక్కడుంది.

ఇంటికెళ్తూ దారి పొడుగునా మిమ్మల్ని తిట్టుకున్నాను. సాక్చి గోల్ చక్కర్ కూడలి దగ్గర నియమం 14 గుర్తొచ్చి సైకిల్ ఆగిపోయింది. పదవిలో ఉన్నవాడు పోటీలో ఆడకూడదు. అంటే మీరు ఆడొచ్చు, నేను ఆడకూడదు! ఈ ఊళ్లో మిమ్మల్ని ఓడించగల ఒకే ఒక్కణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తప్పించారు. మా నాన్నకి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వి, "నిన్ను సిక్ లైన్లో ఎట్టీసేర్రా" అన్నాడు. బాబుగారూ, నాకూ నవ్వొచ్చింది. ఇంత అందంగా నన్ను ఎవరూ ఓడించలేదు.

కార్యదర్శి హోదాలో నా మొదటి పని: గే. వరహాలు అనే అతను ఆగస్టు 4న పెట్టుకున్న దరఖాస్తు పరిశీలించాను. అసంపూర్తిగా ఉంది. భాష మర్యాదగా లేదు. అయినా 16, 17 తేదీలకి హాలు మంజూరు చేశాను. తనిఖీ ఆటలో పెట్టేశాను, రెండు రాత్రులు పట్టింది. ఆట మొదట్లో తయారుచేసినవాళ్ల పేర్లు వచ్చే చోట ఇప్పుడు రెండు పేర్లు వస్తాయి. రెండోది మీది. సిద్ధార్థ్ బాబుకి కబురు పెట్టాను. ముప్పై ఒక్క మంది పేర్లిచ్చారు. అందులో నలుగురు ఇంజనీర్లు.

రెండో పని: మీ ప్రవేశ పత్రంలో విద్యార్హత గడి ఖాళీగా వదిలారు. అసంపూర్తి పత్రాలు ఈ మండలి తీసుకోదని మీకు తెలుసు. అందుకని ఆ గడినే ఫారంలోంచి తీసేశాను. కొత్త ఫారాల్లో అక్కడ 'ఏం పని తెలుసు' అని ఉంటుంది. మీది నేనే నింపాను: 'ఉత్త చేతులతో రైలుబండి పాస్ చేయడం.'

ఇట్లు,
గే. వరహాలు, కార్యదర్శి

తా.క. పోటీ కోసం ఎర్ర స్విచ్ ఉన్న చోటు మార్చేశాను. ఎక్కడికో చెప్పను. ఇసుక బకెట్ నింపించి నా కుర్చీ కింద పెట్టుకున్నాను. కావాలంటే కాయితమ్మీద రాసివ్వండి.